ఎరుపు ఎవరి బాధ్యత

స్టూడియో కౌంటరు దగ్గరే కవర్లోంచి ఫోటో బయటికి లాగగానే ఆ ఇల్లాలికి కోపం నషాళానికంటింది.

దాని కోసం ఆదివారం పొద్దంతా వంటింటి కిటికీకి దుప్పట్లు కట్టి చీకటి చేసింది. కూరలు తరిగే బల్ల మీద గోరంత బొమ్మను నిలబెట్టింది. చేతిలో పెట్టెతో రైలు కోసం చూస్తున్న ఆడమనిషి. ఖాళీ అయిన నీలం షాంపూ సీసా వెనక టార్చి వెలిగిస్తే వెన్నెల. ఇంకో టార్చికి ఎర్ర చాక్లెట్ కాగితం చుడితే సిగ్నల్ దీపం. ఆ రెండోది పట్టుకునే పని భర్తది.

"ఎవరీవిడ? పుట్టింటికా?" అన్నాడతను.

"మీ చెయ్యి అలా వణికితే ఆవిడేం ఖర్మ, నేనే పోతాను."

చివరికి ఆ బుల్లి మొహం మీద ఓ పక్క వెన్నెల, ఓ పక్క ఎరుపు పడగానే ఫోటో తీసింది. రైలు రాదని తెలిసిపోయిన మొహం. అంత చిన్న బొమ్మలో అంత దిగులు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకే తెలియదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది మిట్టమధ్యాహ్నం. తెల్లటి వెలుగులో ఓ ప్లాస్టిక్ ముక్క.

"లైటింగ్ బాగా తేడాగా వచ్చింది మేడమ్. మొహమంతా దెబ్బలు తగిలినట్టు ఎర్రగా, నీలంగా... కూర్చుని సరిచేశాను" అన్నాడు స్టూడియో ఆయన, మెచ్చుకోలు కోసం చూస్తూ.

"సరిచెయ్యమని ఎవరడిగారు మిమ్మల్ని?"

"అడగాలా? పెళ్లి ఫోటోల్లో నల్లగా ఉన్నవాళ్లు తెల్లగా చెయ్యమని అడుగుతారా? మేమే చేసేస్తాం."

"అయితే ఊళ్లో సగం మంది సొంత మొహాలు మీ దగ్గరే పడున్నాయన్నమాట!"

వెంట వచ్చిన భర్త ఫోటో అందుకుని, "బానే ఉందిగా, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి" అన్నాడు. ఆవిడ చూసిన చూపుకి చటుక్కున గోడ గడియారం కేసి తిరిగిపోయాడు.

సాయంత్రం లోపు ఆ ఫోటో లైబ్రరీ హాల్లో గోడకెక్కాలి. రేపటి నుంచి ప్రదర్శన. ఆవిడ తీసిన ఫోటోను బయటివాళ్లు చూడబోవడం ఇదే మొదటిసారి.

"నేనిచ్చింది ఇచ్చినట్టు మళ్లీ వేసివ్వండి."

స్టూడియో ఆయన నవ్వు మాయమైంది. "కుదరదు మేడమ్. చూసినవాళ్లు, వీడికి రంగులే తెలీవని నన్నంటారు. నా పరువేం కావాలి?"

"మరి నా రాత్రేం కావాలి? పట్టపగలు చేసి చేతిలో పెట్టారు!"

కౌంటరు దగ్గరున్నవాళ్లంతా తలలు తిప్పారు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫోటో వచ్చేదాకా లేచేది లేదని ఆ కూర్చోవడంలోనే తెలిసిపోయింది.

ఆయన గొణుక్కుంటూ మెషీను దగ్గరికి నడిచాడు. కాసేపటికి నీలం, ఎరుపు, దిగులు మూడూ చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. ఆయన ఫోటోను తిరగేసి, పెన్ను తీసి, వెనకవైపు కసిగా రాశాడు: 'రంగులకు స్టూడియో బాధ్యత లేదు.'

ఆవిడ చదివింది. కోపం తగ్గలేదు గానీ, పెదవి చివర ఏదో కదిలింది.

"వెనక రాస్తే ఎవరు చూస్తారండీ? ముందువైపు రాయండి, కింద తెల్లంచు మీద. కాస్త పెద్దక్షరాలతో. దాని పక్కన నా పేరు నేను రాసుకుంటాను."