తానుల వెనక పది నిమిషాలు

ఆ బట్టల షాపు రెండో అంతస్తులో, లైనింగ్ గుడ్డల దగ్గర పదకొండేళ్ళుగా నిలబడుతున్న మనిషిని అందరూ లైనింగక్క అనే పిలిచేవారు. పనిచేస్తున్న మనిషి అనకుండా నిలబడుతున్న మనిషి అనడానికి కారణముంది. అక్కడ అమ్మేవాళ్ళు కూర్చోకూడదు. కొనేవాళ్ళు ఒక్కరూ లేకపోయినా కూర్చోకూడదు. అన్నం తినే అరగంట తప్ప రోజంతా కాళ్ళ మీదే. అంతస్తు మొత్తానికీ ఉన్నది ఒక్కటే కుర్చీ. అది బిల్లు కౌంటర్లో ఉండేది.

లైనింగక్క పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి తేలాయి. కాళ్ళకి రెస్ట్ కావాలని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆ సంగతి సూపర్‌వైజరు చెవిన పడితే ఉద్యోగం ఉండదని ఆమెకు తెలుసు. ఆయన్ని చాటున అందరూ కొలబద్ద అనేవారు. మనిషీ అంతే, మాటా అంతే, ఎక్కడా వంగడు. అందుకని చీటీని పర్సులో మడిచి దాచుకుంది. మొగుడికి కూడా చెప్పలేదు. ఒక్క లేసు పిల్లకే చూపించింది.

లేసు పిల్ల పక్క కౌంటర్లో లేసులూ గుండీలూ అమ్మేది. చేరిన కొత్తలో కత్తెర పట్టడం రాక, కోసిన ప్రతి ముక్కా వంకర పోతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పక్కన నిలబడి పని నేర్పింది లైనింగక్కే. చీటీ చూసిన మర్నాడు ఉపాయం చెప్పింది మాత్రం ఆ పిల్లే.

"అక్కా, ఈ నలుపు తానులు నాలుగు ముందుకి జరిపితే వెనకాల మనిషి పడుతుంది."

"మనిషి పడుతుంది సరే, నేను పడతానా?"

"ఊపిరి బిగబడితే పడతావ్!"

తానుల వెనక ఓ చెక్కపెట్టె బోర్లించుకున్నారు. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక ఒకరు పది నిమిషాలు కూర్చుంటే ఇంకొకరు కాపలా. మెట్ల మీద కొలబద్ద కనపడగానే "చిలకపచ్చ ఉందా?" అని కేకెయ్యాలి. ఆ రంగు షాపులో లేనే లేదు. ఒకసారి ఆ కేక విని, ఎవరో ముసలావిడ "నాక్కూడా రెండు మీటర్లు కొయ్యమ్మా" అని గంటసేపు కదలకుండా నిలబడింది. ఆ నవ్వుతో వాళ్ళిద్దరికీ వారం గడిచింది.

ఇంతలో, కౌంటరు కుర్చీలో కూర్చునే బిల్లు మామ్మ పని మానేస్తోందని తెలిసింది. కుర్చీ లైనింగక్కదే అన్నారంతా. సీనియర్ ఆమే మరి.

"కుర్చీ ఎక్కాక మమ్మల్ని మర్చిపోకు," అంది లేసు పిల్ల.

"నిన్నెలా మర్చిపోతానే, పిచ్చి మొహమా!"

ఆ సోమవారం లైనింగక్క పెట్టె మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. అవతల లేసు పిల్ల ఎవరికో లేసు కొలుస్తోంది. బూట్ల చప్పుడు వినిపించింది. కేక వినపడలేదు గనక ఎవరో కొనేవాళ్ళనుకుంది. నల్ల తాను పక్కకి జరిగింది. ఎదురుగా కొలబద్ద.

"రెస్టా అమ్మా?"

"రెండు నిమిషాలే సార్. కాలు కొంచెం..."

"తెలుసు. డాక్టరు రాసిచ్చాడుగా. అలాంటప్పుడు ఇక్కడెందుకు శ్రమ? రేపట్నుంచి ఇంట్లోనే తీసుకోండి రెస్ట్."

దొరికిపోవడానికి ఆమె ఏనాడో సిద్ధపడి ఉంది. 'రాసిచ్చాడుగా' అన్న మాట మాత్రం గుండెలో గుచ్చుకుంది. ఆయన భుజం మీదుగా చూస్తే లేసు పిల్ల తల దించుకుని లేసు చుడుతోంది. మెట్ల దగ్గర్నుంచి కౌంటరు దాకా ఇరవై అడుగులు. మధ్యలో అడ్డం ఏమీ లేదు.

షాపు మూసేదాకా ఆగకుండా, సాయంత్రం ఐదింటికే కత్తెరా టేపూ అప్పజెప్పి సంతకం పెట్టడానికి బిల్లు కౌంటరుకు వెళ్ళింది. బిల్లు మామ్మ పక్కన నిలబడి మిషన్ నేర్పుతోంది. కుర్చీలో ఉన్నది లేసు పిల్ల. లైనింగక్కను చూడగానే మామ్మ మంచినీళ్ళ వంకతో అవతలికి వెళ్ళిపోయింది.

"నేను చూడలేదక్కా, ఒట్టు. కస్టమరుంది."

"చీటీ సంగతి కూడా ఆ కస్టమరే చెప్పిందా?"

పిల్ల గొంతు తగ్గించి అంది: "ఎప్పుడూ నీ కాళ్ళ గొడవేగానీ, నావి ఎన్నడన్నా చూశావా అక్కా?"

లైనింగక్క వంగి చూసింది. కౌంటరు కింద చెప్పులు విడిచిన పాదాలు. చీలమండలు బూరెల్లా ఉబ్బి, చెప్పు పట్టీ అచ్చు ఎర్రగా పడి ఉంది.

"చూపిస్తే చూసేదాన్ని కదే," అంది నెమ్మదిగా. "నేను నీకు చూపించానుగా."

లేసు పిల్ల సగం లేచి, "కూర్చో అక్కా, సంతకం పెట్టేదాకా," అంది.

లైనింగక్క నిలబడే సంతకం పెట్టింది.

ఇంటికొచ్చి చెబితే మొగుడు పెద్దగా బాధపడలేదు. "పోనీలే, కొన్నాళ్ళు హాయిగా రెస్ట్ తీసుకో," అని మంచం మీద పాదాల కింద తలగడ కూడా సర్దాడు. ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఇంకా వెలుగుంది. ఆ వేళప్పుడు ఇంట్లో గోడలు ఏ రంగులో కనపడతాయో ఆమె మరిచేపోయింది.

కాళ్ళ నొప్పి అరగంటలో తగ్గిపోయింది. ఏడుపొచ్చింది అప్పుడే.