ఐస్‌క్రీమ్ బండికి ఏ వినైల్

మా బోర్డుల షాపులో ఏసీ ఉన్న గది ఒక్కటే. అందులో కొత్త ప్రింటర్ ఉంటుంది. దానికి ఉక్కపోస్తే రంగులు మారతాయట. మాకు ఉక్కపోస్తే ఏ రంగూ మారదు కాబట్టి మేం బయట ఉంటాం. దాన్ని పట్టుబట్టి కొనిపించింది మా అక్క. కడుపులోంచే కుంచె పట్టుకుని వచ్చిన మా నాన్న మాత్రం ఆ ప్రింటర్‌ని కొత్త అల్లుడిని చూసినట్టు చూస్తాడు. మర్యాదగా, అనుమానంగా.

“మొదటి బండికి అతికించింది ఊడిందంటే, ఈ యంత్రం వెనక్కి పోతుంది. మనం మళ్లీ కుంచె పడతాం,” అని అక్కకి ముందే చెప్పేశాడు. ఆయన ఒక మాట అన్నాడంటే ఇక చెరపడానికి లేదు.

ఆ మొదటి బండి ఒక ఐస్‌క్రీమ్ వ్యాను. దాని యజమానిని వీధి వీధంతా ఐస్ మావయ్య అంటుంది. వ్యాను పక్కలు నున్నగా ఉండి ఉంటే మాకు ఏ బాధా లేదు. పైనుంచి కిందికి అన్నీ గాడులే, రేకుల షెడ్డుకి చక్రాలు బిగించినట్టు.

పొద్దున్నే సరుకాయన రెండు రకాల వినైల్ రోల్స్, అదే బొమ్మ ముద్రించి అతికించే జిగురు పొరలు, తెచ్చాడు.

“సాయంత్రం వెళ్లిపోతానమ్మా. మళ్లీ వచ్చేది వచ్చే నెలే. ఈలోగా ఏది దించమంటారో చెప్పండి.”

“రెండూ తెల్లగానే ఉన్నాయిగా. తేడా ఏంటి?” అన్నాడు నాన్న.

“ఇది చవకది సార్. రోలర్ల కింద సాగదీసి చేస్తారు. సాగదీసినదానికి మళ్లీ ముడుచుకోవాలనే ఉంటుంది. నున్నటి బోర్డుకైతే బ్రహ్మాండం. అది కాస్ట్ వినైల్. పాల మీద మీగడ కట్టినట్టు, పోసి ఆరబెడతారు. ఎక్కడ పెడితే అక్కడ పడుంటుంది.”

“ధర?”

చెప్పాడు. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. విన్నది చెవులతోనే.

అక్క రెండిట్లోంచీ అరచేయంత ముక్కలు కత్తిరించి, వ్యాను పక్కన రెండు గాడుల్లోకి నొక్కి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, మళ్లీ నొక్కింది. బండిని ఎండలో పెట్టించింది.

“సాయంత్రానికి ఏది నిలబడితే అది. అప్పటిదాకా ఎవరి పని వాళ్లు చూసుకోండి,” అంది.

ఆ రోజు ఎవరి పనీ ఎవరూ చూసుకోలేదు. అక్క కాలుగాలిన పిల్లిలా షాపుకీ వ్యానుకీ మధ్య తిరిగింది. ఆ దారిలో గడ్డి చచ్చిపోయింది, కొత్తది మొలవడానికి భయపడుతోంది. కూర్చోమంటే కూర్చుని, కుర్చీ వేడెక్కకముందే లేచేది. ప్రింటర్ శుభ్రంగానే ఉంది, దాన్ని తుడిచింది. తుడిచిన గుడ్డని ఉతికింది. ఉతికిన గుడ్డ ఆరిందా అని చూడ్డానికి వెళ్లి వ్యాను చూసొచ్చింది.

మిగతా వాళ్లం కొంచెం మర్యాదస్తులం. అక్క లోపలికి వెళ్లినప్పుడే వెళ్లేవాళ్లం. చవక ముక్క వైపు ఎవరూ చూడలేదు. ఖరీదైనది ఎదురుగా ఉంటే దాన్నెవరు చూస్తారు? ఐస్ మావయ్య ఖరీదైనదాని అంచు గోరుతో కాస్త లేపి, “గట్టిదే” అని వెళ్లాడు. సరుకాయన తన సరుకు మీద నమ్మకంతో ఇంకాస్త లేపి, నొక్కి వెళ్లాడు. నాన్న చుట్టూ చూసి, దగ్గి, మరీ లోతుగా పరిశీలించాడు. నేనూ మనిషినే.

ఎండ తగ్గాక అందరం వ్యాను దగ్గర చేరాం. ఖరీదైన ముక్క ఒక మూల చెవిలా లేచి నిలబడింది. లోపలి జిగురుకి వీధిలో దుమ్మంతా అంటుకుంది. చవకది నాలుగు మూలలా బుద్ధిగా అతుక్కుని ఉంది.

“చూశావా? ధరతో పాటు పొగరు పెరిగింది, జిగురు పెరగలేదు,” అన్నాడు నాన్న.

“ఎప్పుడూ ఇలా జరగలేదమ్మా,” అన్నాడు సరుకాయన.

“అమ్మేవాళ్లంతా అనేది అదే లెండి,” అన్నాడు ఐస్ మావయ్య.

అక్క మొహం మాడిపోయింది. “సరే. చవకదే దించండి,” అంది. సరుకాయన రోల్ మీద చెయ్యి వేశాడు. కానీ అక్క చేతికి పొద్దుట్నుంచీ నిలకడ లేదు కదా, మాట అయిపోయినా వేళ్లు వ్యాను మీద తాళం వేస్తూనే ఉన్నాయి. తాళం చవక ముక్క మీదకి వెళ్లగానే డప్పుమంది.

అక్క ఆగింది. పక్క ముక్క మీద కొట్టింది. చప్పుడు లేదు. మళ్లీ చవకదాని మీద కొట్టింది. డప్పు.

వేలు పెట్టి నొక్కింది. ముక్క గాడిలోకి దిగింది, వేలు తియ్యగానే పైకి లేచింది. మూలలు అలాగే ఉన్నాయి గానీ, మధ్యలో గాడిని వదిలేసి పందిరిలా బిగుసుకుని ఉంది. ఖరీదైనది మాత్రం ఆ మూల తప్ప గాడి అడుగు దాకా అంటుకునే ఉంది. అక్క వంగి ఆ మూలనే చూసింది. చుట్టూ నెలవంకల్లా నొక్కులు.

“ఇది ఊడలేదు. ఊడబీకారు,” అంది నెమ్మదిగా. “ఎవరిదా గోరు?”

అందరి చేతులూ జేబుల్లోకి వెళ్లాయి. నాన్నకి చొక్కా జేబే ఉంది. అందులో పెట్టుకున్నాడు.

“ఒక్కరిదైతే ఇంత లేవదే,” అంది అక్క.

“పిల్లవెధవై ఉంటాడు,” అన్నాడు నాన్న నా వైపు చూస్తూ.

“నేను మీ తర్వాత వెళ్లాను నాన్నా,” అన్నాను.

ఐస్ మావయ్యకి అర్జెంటుగా టైరులో గాలి చూడాల్సి వచ్చింది. నాన్న చెయ్యి జేబులోంచి తీసి, వంగి, చవక ముక్క మీద తానే కొట్టి విన్నాడు. ఇంకోసారి కొట్టాడు. అక్క ఆయన మొహమే చూస్తోంది. నాన్న లేచి వ్యాను వెనక్కి వెళ్లాడు. చాలాసేపు రాలేదు.

“అమ్మాయ్, వెనక తలుపులు లెక్కేశావా?” అని అక్కణ్ణుంచే అడిగాడు. “ఇక్కడా గాడులే ఉన్నాయి. ఆ మీగడది ఒక్క రోల్ చాలదు. చవకది కూడా ఒకటి దించమను, నా బోర్డులకి.”

“రెండూ దించండి,” అంది అక్క. పొద్దుట్నుంచి కాళ్లల్లో ఉన్నదంతా ఒక్కసారి దిగిపోయినట్టుంది. వెనక ఏముందో చూడకుండా, సరుకాయన అప్పుడే కింద పెట్టిన కాస్ట్ రోల్ మీద కూలబడింది.

“అమ్మా, లేవండి,” అన్నాడు సరుకాయన. “నొక్కులు పడతాయి.”