ఎక్‌హార్ట్ అరికాళ్లు

రేవు పట్టణం బ్రేమర్‌హాఫెన్‌లో చేపల హాలు వెనక ఖాళీగా పడున్న షెడ్డులో పుట్టింది వాట్‌లిష్ట్ బృందం. దరువు ఎక్‌హార్ట్‌ది, కీబోర్డు గెరిట్‌ది, గొంతు వీబ్కెది. తొంభైల్లో ఒక వేసవంతా జర్మనీ డిస్కోలు వాళ్ల పాటకే ఊగాయి. తర్వాత జనం మరిచిపోయారు. ముగ్గురూ ఫర్నిచర్ దుకాణాల ప్రారంభోత్సవాల్లోనూ ఫైరింజను వాళ్ల వేడుకల్లోనూ వాయించుకుంటూ నెట్టుకొచ్చారు. చాలా ఏళ్లకి, అప్పట్లో ఎగిరిన కుర్రకారే నడివయసుకొచ్చి ఆ పాటలు మళ్లీ కావాలంది. పెద్ద మైదానాల నుంచి పిలుపులొచ్చాయి. సరిగ్గా అప్పుడే ఎక్‌హార్ట్‌కి చెవుడు మొదలైంది.

అతను ఎవరికీ చెప్పలేదు. ఎవరేమన్నా నవ్వి తలూపేవాడు. ఒకనాటి రిహార్సల్లో దరువు వెనకబడింది. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ వెనకబడింది. వీబ్కె మైకు పక్కనపెట్టి అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎన్నాళ్ల నుంచి?"

ఆమె పెదాలు చూసి గ్రహించాడు. "ఏడాది దాటింది. ఎడమది పూర్తిగా పోయింది. కుడిదానికి పెద్ద మోతలు మాత్రం అందుతున్నాయి. ఎవరైనా కుర్రాణ్ణి చూసుకోండి. నేను తప్పుకుంటాను."

"నోర్ముయ్‌రా ముసలోడా!" గెరిట్ లేచాడు. "నేను తాగి స్టేజీ మీద కూలబడుతున్న రోజుల్లో నా వాయింపు కూడా ఎవడు లాక్కొచ్చాడు? అప్పుడు ఇంకోణ్ణి చూసుకున్నావా?"

"అది వేరు..."

"ఏం వేరు? నీకు వినపడదు కాబట్టి నేను కాస్త గట్టిగా తిట్టాలి. అంతే!"

గెరిట్ బావమరిదికి పడవలు బాగుచేసే షెడ్డు ఉంది. అక్కణ్ణుంచి వెడల్పాటి చెక్కలు తెచ్చి, మోత కాళ్లకి అందేలా పెద్ద స్పీకరు పెట్టె మీద వేదికలా బిగించాడు.

కీల్ ఊళ్లో కచేరీ రోజు మధ్యాహ్నం ఎక్‌హార్ట్ బూట్లు విప్పి చెక్క మీద నిలబడ్డాడు. మొదటి దెబ్బకే అరికాళ్లు జివ్వుమన్నాయి. దరువు మోకాళ్లదాకా పాకి పక్కటెముకల్లో కొట్టుకుంది. ప్రతి చరణానికీ వీబ్కె వెనక్కి తిరిగి చెయ్యెత్తేది. రెండో పాటలో అతను కాస్త ముందుకు ఉరికితే గెరిట్ కళ్లురిమాడు. సర్దుకున్నాడు. కింద బొజ్జలేసుకుని ఎగురుతున్న జనం ఎక్కడా ఆగలేదు.

కచేరీ అయ్యాక ముగ్గురూ రేవులో చేప రొట్టెల బండి దగ్గర నిలబడ్డారు. ఎక్‌హార్ట్ రొట్టె చేత్తో పట్టుకుని వాళ్లకేసి తిరిగాడు.

"మీరిద్దరూ నా పాలిట దేవుళ్లు!" అన్నాడు. తన గొంతు తనకి వినపడక కేకే పెట్టాడు. బండి చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"ఊరంతటికీ చాటించక్కర్లేదు. తిను, చేప జారిపోతోంది," అని గెరిట్ మొహం తిప్పుకున్నాడు. వీబ్కె నవ్వుతూ ముక్కు తుడుచుకుంది.

ఆ తర్వాత ఎక్‌హార్ట్ నాలుగు వేసవులు వాయించాడు. చివరికి మానేసింది చెవుల వల్ల కాదు, మోకాళ్ల నొప్పుల వల్ల.