పొడగరికి నోరుండాలి

లూయివిల్ బాస్కెట్‌బాల్ జట్టు తరఫున రోజెల్ టిబ్స్ ఇరవై ఆరేళ్లుగా కాలేజీ ఆటగాళ్లను బేరీజు వేస్తోంది. పొడగరుల సంగతైతే పూర్తిగా ఆమెకే వదిలేశారు. ఏడడుగుల మనిషి గుమ్మంలో తల వంచి లోపలికి రాగానే మగవాళ్లకు మతి పోతుందనీ, ఆట చూడకముందే సగం మార్కులు వేసేస్తారనీ ఆమె వాళ్ల మొహం మీదే అనేది.

గురువారం డ్రాఫ్టు. జట్లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే రోజు. లూయివిల్‌ది పదిహేడో వంతు. ఆ వంతులో డిమేరియస్ ఓగిల్స్‌బీని తీసుకోవాలని రోజెల్ నాలుగు నెలలుగా పోరుతోంది. ఎత్తు ఆరడుగుల తొమ్మిదంగుళాలే గానీ అంత చురుకైన పాదాలు ఆమె ఈమధ్య చూడలేదు. మేనేజరు వేడ్ లిండ్‌క్విస్ట్ మనసు మాత్రం ఏడడుగుల రెండంగుళాల టానర్ వోస్కుల్ మీద పడింది. టానర్ ఎంత దూరం నుంచి వేసినా బంతి రింగుకు తగలకుండా వలలో పడుతుంది. కాకపోతే అతని ఏజెంటు పంపిన వీడియోల్లో ఎదురు నిలబడ్డది ఆటగాళ్లు కాదు, మడత కుర్చీలు.

"వాడు కుర్చీల్ని చిత్తుచిత్తుగా ఓడిస్తాడు, ఒప్పుకుంటాను" అని రోజెల్ ప్రతి మీటింగులోనూ అందరినీ నవ్వించేది.

సోమవారం ఉదయం ఇద్దర్నీ పరీక్షకు పిలిచి, చెరో పక్క ఇద్దరేసి తోడునిచ్చి ఆడించారు. ఆట మొదలవగానే రోజెల్ తన కుర్చీ వెనక్కి తిప్పుకుని గోడకేసి కూర్చుంది.

"ఏమండీ రోజెల్ గారూ, ఆట ఇటుంది" అన్నాడు వేడ్.

"తెలుసులే బాబూ. చూసింది చాలు, కాసేపు విననీ."

పొడగరి అందరికంటే వెనక, బుట్ట దగ్గర నిలబడతాడు. ముందున్నవాడి కళ్లు బంతి మీదే ఉంటాయి. పక్కనుంచి ఎవడొచ్చి అడ్డం పడబోతున్నాడో పొడగరికే కనబడుతుంది. చూసినవాడు నోరు విప్పకపోతే ముందున్నవాళ్లు గుడ్డివాళ్లతో సమానం. స్టేడియంలో బ్యాండు మోతకు ఆ మాటలు వినబడవు. ఖాళీ జిమ్ములో దాగవు.

"కుడి పక్క వస్తున్నాడు, కుడి పక్క... జరుగు... నువ్వు పోరా, వెనక నేనున్నా."

తొందర లేని గొంతు, ఖంగుమని వినబడింది. రోజెల్ మొహం వెలిగిపోయింది. "విన్నావా, మావాడి గొంతు?"

"అది టానర్ అండీ" అన్నాడు వేడ్.

రోజెల్ కుర్చీ ఇటు తిప్పింది. టానర్ పొడుగాటి చేయి చాచి, ఎవరెక్కడ ఉండాలో చూపిస్తూ ఆడుతున్నాడు. ఓగిల్స్‌బీ పాదాలు ఎప్పటిలాగే గాల్లో తేలుతున్నాయి, పెదాలు మాత్రం అంటించినట్టున్నాయి. అతని ముందున్న కుర్రాడు అడ్డం వచ్చినవాడి భుజానికి గుద్దుకుని రెండుసార్లు కింద పడ్డాడు. ఓగిల్స్‌బీ రెండుసార్లూ వెళ్లి లేపాడు, కానీ పడకముందు ఒక్క మాట చెప్పలేదు.

"మరి కుర్చీల సంగతేమిటండీ?" వేడ్ నవ్వు దాచుకోవడానికి పెద్దగా కష్టపడలేదు.

రోజెల్ గుండె చివుక్కుమంది. నాలుగు నెలల మాట వెనక్కి తీసుకుంటే ఇకమీదట ఈ జట్టులో తన మాటకు విలువేముంటుంది? తీసుకోకపోతే అసలే ఉండదు. సిఫారసు కాగితం మీద ఓగిల్స్‌బీ పేరు కొట్టేసి టానర్ పేరు రాసింది.

ఓగిల్స్‌బీకి ఈ సంగతి ఫోనులో తెలియడం ఆమెకు ఇష్టం లేదు. ఆట ముగిశాక తానే వెళ్లింది.

"అబ్బాయ్, నేను రోజెల్ టిబ్స్‌ని. నాలుగు నెలలు నీ పేరే రాశాను. ఇవాళ కొట్టేశాను. నువ్వు నోరు విప్పవు."

"మా కోచ్ విప్పనివ్వడు మేడమ్. అన్నీ బయటి నుంచి ఆయనే అరుస్తాడు. మేం మాట్లాడితే పరుగులు పెట్టిస్తాడు."

"ఆ సంగతి నాకు తెలియదు."

"ఎలా తెలుస్తుంది?" ఓగిల్స్‌బీ గొంతు ఒక్కసారిగా లేచింది. "మా ఆటకు ఎప్పుడొచ్చినా పై వరసలో కూర్చున్నారు. ఒక్కరోజు కిందికి దిగి నన్ను అడిగారా?"

అవతలి బుట్ట దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. రోజెల్ కోపం తెచ్చుకోలేదు, ఆమెకు లోలోపల సంబరంగా కూడా ఉంది.

"లేదు. తప్పు నాదే. కాగితం మాత్రం మార్చను, ఇవాళ టానర్ నీకంటే మేలు. బుధవారం ఇంకో జట్టు పరీక్షకు వెళ్తున్నావుగా, అక్కడ ఈ గొంతుతో ఆడు."

"ఆడతాను. తర్వాత మీ జట్టునే ఓడిస్తాను మేడమ్."

ఆమె ఆ మాట నమ్మింది. తిరిగి వచ్చి, కాగితం కింద ఇంకో వాక్యం చేర్చి వేడ్ చేతిలో పెట్టింది: "ఓగిల్స్‌బీ ఏదో ఒక రోజు మనల్ని ఓడిస్తాడు. ఆ రోజు తిట్టాల్సింది నన్నే."