వేచియుండిన గాలితిత్తి

వైశాఖమాసము. ప్రచండమార్తాండకిరణసంతప్తమై తళతళలాడుచున్న ప్రాక్సముద్రముపై నొక్క మరపడవయైనను గానరాక యా జలధి యంతయు సెలవులిచ్చిన పాఠశాలవలె బోసిపోయి యుండెను. మత్స్యములు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే ప్రభుత్వమువారు వేటను నిషేధించి యుండిరి గావున విశాఖపట్టణపు చేపలరేవునందు నీలపీతరక్తహరితవర్ణశోభితములగు నావలన్నియు నొకదానినొకటి యొరసికొనుచు త్రాళ్ళచే గట్టబడి మెల్లమెల్లగా నూగుచుండెను. కొందఱు వలలు బాగుచేయుచుండిరి. కొందఱు నావలపై వెలిసిన పేరులకు మరల రంగులు దిద్దుచుండిరి. చేపలవాసనకు మాఱుగా నా దినములలో రేవంతయు రంగువాసనయు డీజిలువాసనయు నిండియుండెను. సముద్రము విశ్రమించినను సముద్రమును నమ్ముకొన్నవారికి విశ్రాంతి యెక్కడిది?

అట్టి యొక ప్రాతఃకాలమున ఆకెళ్ళ సువర్చల యను సంగీతకర్త్రి భుజమున లాప్‌టాపు సంచి తగిలించుకొని చీరకుచ్చెళ్ళు బురద కంటకుండ నెత్తిపట్టుకొని యొక్కొక్క నావకడ నిలిచి బలగ పైడిరాజుగా రెక్కడ నుందురని యడుగుచు నడచుచుండెను. నృత్యనాటకములకు సంగీతము కూర్చుట యామె వృత్తి. ఇంతకు ముందామె చేపలరేవున కాలుపెట్టి యెఱుగదు. ఆమె వెదకుచున్నది చేప కాదు. ఒక వాద్యము. ఆ వాద్యమునకు కఱ్ఱ లేదు తీగె లేదు తోలు లేదు.

కంప్యూటరునందు కేవలము లెక్కలచే నాదమును పుట్టించు నిట్టి వాద్యములను సాఫ్ట్‌వేర్ సింథసైజరులని లోకులందురు. పాఠకులారా, వీనిగతి మిక్కిలి విచిత్రమైనది. చేతివాద్యము పాతబడినచో అటకమీదనైన నుండి ఏనాటికో యొకనాడు దుమ్ము దులిపినంతనే పలుకును. ఈ లెక్కలవాద్యమో తనను జేసినవాడు దుకాణము కట్టివేసిన మఱునాటినుండి ఉండియు లేనిదగును. వాద్యముతోబాటు దానిని జేసినవాడును జనుల నోటినుండి జాఱిపోవును. వాని నాదముతో కూర్చిన పాటలను మాత్రము లోకము పెండ్లిండ్లలో మ్రోగించుకొనుచునే యుండును!

సువర్చల వెదకు వాద్యమునకు గాలితిత్తి యని పేరు. పూర్వము మన పల్లెల భాగవతమేళములలో తిత్తి యను శ్రుతివాద్య ముండెడిది. తోలుసంచిలో గాలి నింపి చంకక్రింద నదుముచు ఆటముగియువఱకు నొకే స్వరమును విడువక పలికించువానిని తిత్తిగాడందురు. పైడిరాజు తాత, గురువులను పేరుగలవాడు, అట్టి తిత్తిగాడు. ఆ తాత నాదమును మనుమడు లెక్కలలోనికి దింపగా స్నేహితుడైన ఇమ్మానుయేలు దానికి బీగము వ్రాసెను. బీగమనగా క్రొత్త కంప్యూటరున నెక్కించినపుడెల్ల ఆ వాద్యము వారి వెబ్‌సైటు ననుమతి యడిగి పిమ్మటనే పలుకునట్లు చేసిన కట్టుబాటు. పండ్రెండేండ్ల క్రిందట నా యిరువురును ఒక మేడగదిలో గూర్చుండి చేసిన యా పని కొన్నినాళ్ళు బాగుగనే సాగినది. తరువాత అంగడి మూతపడెను. వెబ్‌సైటు మాయమయ్యెను. మేడగది యిప్పుడు టిఫినుహోటలువారి సామానులగదియైనది. ఆ హోటలువాడే సువర్చలకు రేవుదారి చూపెను.

ఆమె యింత శ్రమపడుటకు కారణము ఆమె గురువు. డెబ్బదియైదేండ్లు దాటిన సోమలింగ భాగవతారు వైశాఖపూర్ణిమనాడు జరుగబోవు నాటకమునకు పాడవలసి యుండెను. ఏండ్లతరబడి యాయన గాలితిత్తితోనే పాడెను. పోయిన వానకాలమున సువర్చల పాత కంప్యూటరు చెడిపోయెను. క్రొత్తదానిలో మొదటి గాలితిత్తి నెక్కింపగా అది లేని వెబ్‌సైటు ననుమతి యడుగుచు నిలిచిపోయెను. పైడిరాజు పిమ్మట నొక్కడే చేసిన రెండవ గాలితిత్తికి బీగములేదు గనుక ఆమె గత్యంతరములేక నాటకపు టభ్యాసమున దానినే వాడెను. ఆ శ్రుతి గీత గీసినట్లు కదలక మెదలక నిలిచినది. భాగవతారి గొంతు మూడవ చరణమునకు వచ్చునప్పటికి అలసి దాని క్రిందికి జాఱినది. మృదంగము వాయించువాడు తలయెత్తి చూచి వెంటనే చూపు మరల్చుకొనెను. ఆ మరల్చుకొనుటను భాగవతారు చూచెను.

ఆయన పాట నిలిపి కండువాతో మొగము తుడుచుకొనెను.

“అమ్మాయీ, నా శ్రుతి తప్పుతోంది. ఇన్నాళ్ళూ తప్పుతూనే ఉందేమో, నాకెవరూ చెప్పలేదేమో. పున్నమికి ఇంకెవరినైనా చూసుకో.”

ఆ మాట లాయన కోపముతో ననలేదు. కోపముతో నన్నచో సువర్చల బ్రతిమాలియుండెడిది. ఆయన మఱుసటిదినమునుండి యింటను కూనిరాగమైనను తీయుటలేదని విని యామె మొదటి గాలితిత్తిని వెదకబూనెను. గొంతు ముదిసినందులకు గాదు. ఒక జీవితకాలపు పాట సిగ్గుతో ముగియుచున్నందులకు.

పైడిరాజు గంగమ్మతల్లి యను నావ పైగదిలో గూర్చుండి ఫిష్ ఫైండరును విప్పి చూచుచుండెను. అది నీటిలోనికి ధ్వనిని బంపి మరలివచ్చు ప్రతిధ్వనిచే చేపలగుంపుజాడ తెలుపు యంత్రము. వేట నిలిచిన యీ రెండుమాసములే వానిని బాగుచేయించుకొనుటకు తరుణము. ఒకనాడు ధ్వనిని సృజించినవాడు నేడు ప్రతిధ్వనిచే బ్రదుకుచుండెను. అందును రేవున నాతనికి మంచిపేరే యుండెను. సువర్చల వచ్చిన పని చెప్పగా నతడు స్క్రూడ్రైవరు దించకయే తలయూపెను.

“మొదటిదా? అది వద్దమ్మా, తప్పుది. రెండోది ఉంది, అట్టుకెళ్ళండి.”

“రెండోది నా దగ్గరుందండీ. నాకా తప్పుదే కావాలి.”

ఆ మాటకతడు తలయెత్తెను. స్టూలు తుడిచి యామెను గూర్చుండుమని తాను నేలపై జదికిలబడెను.

“మైకులో గొంతు ఇని, పాడేవోరు అలిస్తే శ్రుతి కూడా ఎంటికవాసి దిగేటట్టు రాసేనమ్మా. మా తాత అలాగే సేసేవోడు. పాడేవోడు అలిసినప్పుడు తిత్తిగాడు సంక సడలించాల, ఆ సంగతి జనానికి తెలకూడదు అనేవోడు. అది మా తాత మర్యాద. కొన్నోళ్ళు దాన్ని తప్పన్నారు. మీ శ్రుతి నిలవడం లేదు, ముందు శ్రుతంటే ఏటో నేర్సుకోండి అన్నారు. సిగ్గేసింది. సరిసేసేసేను.”

అతడు సరిచేసినమాట నిజమే. కాని కదలని శ్రుతిని ఊరకనే యిచ్చు వాద్యములు లోకమున కోకొల్లలుండగా ఈ రెండవ తిత్తి నెవడు కోరును? కొండనాలుకకు మందువేయ నున్న నాలుక యూడెనన్నట్లు తాత యూపిరియే దానిలోనుండి పోయినది. ఆనాడు ఇమ్మానుయేలొక్కడే యడ్డుపడి తాత గొంతు కోయవలదని వాదించెను. మాటకు మాట పెరిగెను. ఇమ్మానుయేలు హైదరాబాదు వెడలిపోయి యొక లిఫ్టుల కంపెనీలో లిఫ్టుతలుపులు నడపు ప్రోగ్రాములు వ్రాయుచుండెనని వినికిడి. తొమ్మిదేండ్లుగా వారిరువురి నడుమ పలుకులేదు.

సువర్చల వాదింపలేదు. తన ఫోనులో పాత రికార్డింగు నొకదానిని వినిపించెను. సోమలింగ భాగవతారు మూడవ చరణమున డస్సి కొలదిగా జాఱగా గాలితిత్తి యాయనతో గూడ జాఱి యాయన ఊపిరి తీసికొనగనే మరల లేచెను. వినుచు వినుచు పైడిరాజు ఎడమచేయి తనకు దెలియకుండనే డొక్కకు జేరి అదుముచు సడలుచుండెను. పాట ముగిసినపిదప అతని కన్నులు చెమ్మగిల్లెను. అతడు దానిని దాచుకొనలేదు.

“ఈయనకిప్పుడు ఏటైనాదమ్మా?”

“పాడనంటున్నారు. గొంతు పోయిందనుకుంటున్నారు. పోయింది గొంతు కాదండీ, తోడు.”

పైడిరాజు జేబులోని ఫోను తీసి చేత బట్టుకొనెను. నాదము తనదైనను బీగము తనది కాదు. తాను కూడ పెక్కుమాఱులు తెఱువబోయి తెఱువలేక మూసివేసినవాడే. ఇక మిగిలినది ఇమ్మానుయేలు. అతనికి ఫోను చేయుట యనగా ఆనాడు నీవే సరియని యొప్పుకొనుట. ఫిష్ ఫైండరు పదిమాఱులు విప్పి బిగించుట యంతకంటె సులభము. ఐనను ఒక ముసలివాని పాట తన మౌనముచే నిలిచిపోవుట అతనికి సహింపరానిదయ్యెను.

ఫోను రెండవ మ్రోతకే ఇమ్మానుయేలెత్తెను.

“ఇమ్మానియేలూ, నేను పైడినిరా. ఆ మొదటి తిత్తి తాళం ఎలాగ తియ్యాల?”

 అవతలినుండి చిన్న నవ్వు వినవచ్చెను.

“తియ్యడమేటిరా? అది మూసుందెప్పుడు? మన అంగడి ఎన్నాళ్ళుంటాదో నమ్మకం లేక అప్పుడే రాసి పెట్టేను. సైటు పలక్కపోతే గంటసేపు సూసి దానంతటదే తెరుసుకుంటాది. మధ్యలో మూస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తాది. తెర మీద దయచేసి వేచియుండండి అని ఉండదా? అది ఉత్తినే రాసేననుకున్నావా?”

“నాకెందుకు సెప్పలేదురా ఇన్నాళ్ళూ?”

“నువ్వు అడిగితే గదా.”

ఔరా, మానవస్వభావము! ఆ వాక్యము నెందఱు చదివిరో అందఱును దానిని యంత్రములు పలుకు నుత్తుత్తి మర్యాదయని తలచిరి. సంగీతము చేయువారిది మొదటినుండియు నొకటే యలవాటు. తెర బిగిసినచో మూయుట తెఱచుట మరల మూయుట. సువర్చలయే యెన్నిమాఱులు మూసెనో లెక్కలేదు. వేచియుండుడని చెప్పినదానికడ వేచియున్నవాడొక్కడును లేకపోయెను.

లాప్‌టాపును చేపలబుట్టపై బెట్టి వారిరువురును గూర్చుండిరి. తెరపై జిన్నచక్రము తిరుగుచుండెను. ఎండ గదిలోనికి ప్రాకి సువర్చల మోకాళ్ళనంటెను. సగముసేపైన పిదప చక్రము తటాలున నిలిచిపోయినట్లు తోచి యలవాటుచొప్పున ఆమె వ్రేలు మూయుగుర్తువైపు సాగెను.

“వద్దు తల్లీ,” అని పైడిరాజు మెల్లగా ననెను. ఆమె చేతులు రెండును ఒడిలో బంధించుకొని కూర్చుండెను. క్రిందినుండి నావ యజమాని మిషనెంతవఱకు వచ్చినదని కేకవేసెను.

“కాసేపాగు మావా. దీన్ని కదపకూడదు,” అని పైడిరాజు బదులుచెప్పెను.

ఎదురుచూచి యెదురుచూచి వారి యాశ యుడుగు వేళకు చక్రము మాయమయ్యెను. చిన్నదైన పాత తెర యొకటి తెఱచుకొనెను. సువర్చల ఒక్క మీట నొక్కగా తోలుసంచి నిండుచున్న సవ్వడి మొదట వినవచ్చి పిమ్మట బొంగురుగా స్నిగ్ధముగా నొక స్వరము లేచి యా నావగదినంతయు నింపెను. అది నిశ్చలము కాదు. పెద్దవాని ఱొమ్మువలె నెగయుచు దిగుచు నుండెను. పైడిరాజు గోడకు జేరగిలి కన్నులు మూసికొని తాతా యని యొక్కమాట మాత్రము పలికెను. ఫోను కట్టివేయుట మఱచియుండుటచే హైదరాబాదున ఇమ్మానుయేలును ఆ స్వరమును వినుచునే యుండెను.

మఱుసటిదినము సువర్చల గురువుగారింటికేగి ఏమియు జెప్పక శ్రుతి నుంచెను. ఆయన విననట్లు పేపరు చదువుచు గూర్చుండెను. కొంతసేపటికి పేపరు మడిచెను. మఱికొంతసేపటికి గొంతు సవరించుకొనెను. పల్లవి యెత్తుకొని మూడవ చరణము దాటి మంగళమువఱకు నాగకుండ పాడి ముగించి తుదకు స్పీకరువైపు దిరిగెను.

“ఈ తిత్తిగాడెవరో గాని మంచివాడమ్మాయీ,” అనెను. శ్రుతి తనకై దిగినదని యాయనకు దెలియునని సువర్చల కప్పుడు దెలిసెను.

వైశాఖపూర్ణిమనాటి సాయంకాలమున నాటకశాల క్రిక్కిఱిసి యుండెను. మృదంగము వాయించువాడు తలవంచుకొని తన పని తాను జేసికొనుచుండెను. మూడవ చరణమున భాగవతారి గొంతు డస్సెను. శ్రుతి వెండ్రుకవాసి దిగి యాయన ననుసరించెను. నాట్యమాడువారి యందెలకు గాని వినువారి చెవులకు గాని యది తెలియలేదు. తోడు నిలుచువాని గొప్పతన మట్టిదే. వాడున్నంతకాలము ఎవ్వరికిని దెలియదు. వాడు లేనినాడే పాడువాడు తనను తాను నిందించుకొనును.

కడపటి వరుసలో పైడిరాజు గూర్చుండి ప్రక్కకుర్చీపై దన తువ్వాలు పఱచియుంచెను. కుర్చీకై యడిగినవారికెల్ల మనిషొస్తాడండి యని చెప్పుచుండెను. హైదరాబాదు రైలు ఆలస్యమైనది. నాటకము సగము గడచినపిదప నరసినజుట్టుతో చేతిసంచితో నొకడు చీకటిలో దడవుకొనుచు వచ్చి యా తువ్వాలు తీసి మడిచి ఒడిలో నుంచుకొని కూర్చుండెను. పైడిరాజు తల త్రిప్పలేదు. ఇమ్మానుయేలు చేతిసంచిని వారిరువురి నడుమ దించెను. వేదికపై ముసలి గొంతు మరల నలసెను. చీకటిలో పైడిరాజు ఎడమచేయి చంకక్రింద లేని తిత్తిని మెల్లగా సడలించెను.