భద్రపరచాలా?

మా తమ్ముడు మా ఇంటికొస్తే ముందు పలకరించేది నన్ను కాదు, హాల్లో గోడకున్న మా పెళ్ళి ఫోటోని. దాని మేకు కాస్త వదులు. తలుపు గట్టిగా వేసినప్పుడల్లా ఫోటో ఎడమవైపుకి వాలుతుంది. వాడు రెండు వేళ్ళతో దాన్ని పైకి నెట్టి, ఒకడుగు వెనక్కి వేసి, తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, అప్పుడు "అక్కా, టీ ఉందా?" అంటాడు. కొత్త మేకు కొట్టమని మా ఆయనకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఎలాగూ తమ్ముడొస్తాడు కదా అని చివరికి నేనూ ఊరుకున్నాను.

వాడు చేసే ఉద్యోగం కూడా ఇలాంటిదే. విశ్వవిద్యాలయం లైబ్రరీలో పాత థీసిస్‌లు పేజీ పేజీ స్కాన్ చేస్తాడు. పేజీ వెంట్రుకవాసి ఒరిగినా మళ్ళీ తీస్తాడు. అందుకే అక్కడందరూ వాడిని స్కేలుబద్ద అంటారు. ఆ స్కానింగ్ గదికి పై అధికారి మా ఆయన. ఆయనకీ ఒక పేరుంది, భద్రం సారు. తాళం వేశావా, భద్రం. గొడుగు తీసుకున్నావా, భద్రం. కొందరికి ఊపిరి పీల్చడం ఎంతో ఆయనకి ఆ మాట అంత. నేను కింద అంతస్తులో పుస్తకాలిచ్చే కౌంటర్లో కూర్చుంటాను. నాకేం పేరు పెట్టారో నా ముందు ఎవరూ అనలేదు. నా నోటి సంగతి వాళ్ళకి తెలుసు.

మా ఆయన భద్రం ఊరికే వచ్చింది కాదు. ఆ థీసిస్‌లు టైపు చేసిన ఒక్కగానొక్క ప్రతులు. నేలమాళిగలో చెమ్మకి నాని, తర్వాత ఎండి, ముట్టుకుంటే ఎండుటాకుల్లా చిట్లిపోతున్నాయి. కొన్నిటిని స్కాన్ చేశాక కట్టకి బదులు పొడి మిగిలింది. ఇక ఎవరో నాలుగేళ్ళు కూర్చుని రాసిందంతా ఆ కంప్యూటర్ ఫైల్లోనే ఉన్నట్టు. అందుకని ప్రతి ఫైలుకీ దాచే మిషన్ లోపలికి వెళ్ళేటప్పుడు ఒక పొడుగాటి అంకె తీస్తారు. వాళ్ళ భాషలో దానికేదో పేరుంది, మా ఇంట్లో మాత్రం వేలిముద్ర అంటాం. లోపల ఒక్క చుక్క మారినా వేలిముద్ర మారిపోతుంది. ప్రతి నెలా మిషన్ పాత వేలిముద్రనీ కొత్త వేలిముద్రనీ పోల్చి చూస్తుంది. ఇన్నేళ్ళలో అది ఒక్కసారి కూడా తేడా చెప్పలేదు.

ఒక రోజు మా ఆయన భోజనం ముందు కూర్చుని కంచంలోకి చూస్తూ ఉండిపోయారు.

"ఏడు ఫైళ్ళ వేలిముద్ర మారింది," అన్నారు.

"పాడయ్యాయా?"

"పాడైతే తెరుచుకోవు. ఇవి శుభ్రంగా తెరుచుకుంటున్నాయి. ఎవరో ముట్టుకున్నారు."

"ఎవరు?"

ఆయన తలెత్తి గోడమీది ఫోటో వైపు చూశారు. అది ఆ పూట నిటారుగా ఉంది. పొద్దున్నే తమ్ముడొచ్చి వెళ్ళాడు.

ఏడు అనగానే అవేవో నాకూ తెలిసిపోయింది. తమ్ముడు చేరకముందు ఎవరో హడావిడిగా స్కాన్ చేసిన ఫైళ్ళవి, పేజీలన్నీ వంకరగా ఉంటాయి. పోయిన నెల మా ఇంట్లోనే వాడు వాటి గురించి మా ఆయన ప్రాణం తోడేశాడు. "బావా, ఒక్క రోజు ఇవ్వు, అన్నీ సాపు చేసేస్తాను." మా ఆయన మర్నాడు ఆ ఏడూ తెరిచి చూసొచ్చి, "వంకరే, కానీ చదవడానికి వస్తోంది. లోపలికి వెళ్ళిన ఫైలుని వంకరగా ఉన్నా ముట్టుకోకూడదు. అదే భద్రం," అని తేల్చేశారు. వాడు ముఖం మాడ్చుకుని వెళ్ళాడు. అసలు ఫైళ్ళు తెరిచే పాస్‌వర్డు ఆ విభాగం మొత్తానికి ఒకటే, అది తెలిసింది వాళ్ళిద్దరికే.

"మరి ఇప్పుడు పేజీలు సాపుగా ఉన్నాయా?" అనడిగాను.

"లేవు. వంకర అలాగే ఉంది."

"అయితే వాడేం మార్చినట్టు?"

"అదే నా భయం. కనిపించేది మారిస్తే పట్టుకోవచ్చు. కనిపించనిది ఏదో మార్చాడు."

ఆయన లెక్కలో తప్పు కనబడితే అదొక రుజువు, కనబడకపోతే ఇంకా పెద్ద రుజువు.

మామూలు రోజుల్లో అయితే నవ్వి ఊరుకునేదాన్ని. కానీ తమ్ముడిది ఆరేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం. ఆ నెలాఖరున పర్మనెంట్ చేసే మీటింగ్ ఉంది. ఈసారి తప్పితే వాడి వయసు దాటిపోతుంది, ఇక ఆ లైబ్రరీలో వాడికి చోటుండదు. వాడి మీద అభిప్రాయం చెప్పాల్సింది మా ఆయనే.

ఆయన మర్నాడే పాస్‌వర్డు మార్చేశారు. తమ్ముడికి చెప్పలేదు. అక్కడితో ఆగితే బాగుండేది. వాడు స్కాన్ చేసినవన్నీ ఒక్కొక్కటే తెరిచి, కళ్ళలో వత్తులు వేసుకుని చూడటం మొదలుపెట్టారు. అసలు ఫైలుని ఎవరూ నేరుగా తెరవకూడదు, చూడాలంటే చదివేవాళ్ళ కోసం తీసిన నకలు చూడాలి. ఆ నియమం రాసింది ఆయనే. నేను గుర్తుచేస్తే విసుక్కున్నారు.

"ఆ నకలు తయారుచేసేది ఎవరు? మీ తమ్ముడే కదా. దాన్ని నమ్మి ఏం చూడను?"

'మీ తమ్ముడు'. నిన్నటిదాకా వాడు 'మా బావమరిది'.

నేను స్కానింగ్ గదికి వెళ్ళాను. కిటికీలకి నల్లగుడ్డ, రెండు పక్కలా దీపాలు, మధ్యలో పుస్తకాన్ని సగం తెరిచి పడుకోబెట్టే చెక్క ఊయల. వాడు పేజీ మీద దుమ్ముని మెత్తటి కుంచెతో తుడుస్తున్నాడు. నన్ను చూడగానే మొహమంతా నవ్వు.

"ఏంటక్కా, దారి తప్పావా? కింద నీ అరుపులు లేక జనం బెంగపెట్టుకుంటారు."

నేను నవ్వలేదు. "ఒరేయ్, నిజం చెప్పు. ఆ వంకర ఫైళ్ళు నువ్వేమైనా సరిచేశావా?"

వాడు కుంచె కింద పెట్టాడు. పెట్టి, దాన్ని బల్ల అంచుకి సమానంగా జరిపాడు.

"పొద్దున బావ కూడా ఇదే అడిగాడు. బావకి అన్నీ అనుమానమే కదా, నవ్వుకున్నాను," అన్నాడు. "ఇప్పుడు నువ్వడిగావు."

"అడిగితే తప్పా?"

"చేయలేదక్కా."

వాడి మాట నమ్మాను. నమ్మానని మెట్లు దిగుతూ రెండుసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా నమ్మినదాన్నయితే అలా చెప్పుకోవలసిన పనేముందని తర్వాత అనిపించింది.

నెల నిండేదాకా ఆగకుండా ఆయన మళ్ళీ పోల్చేసరికి తేడా వచ్చిన ఫైళ్ళు ఏడు కాదు, యాభై దాకా ఉన్నాయి. దాదాపు అన్నీ తమ్ముడు స్కాన్ చేసినవే. మా ఆయన వెళ్ళి పెద్ద మేడమ్‌కి చెప్పేశారు. ఆవిడ మా లైబ్రరీకంతా పెద్ద. కేకలు వేసే మనిషి కాదు, ఆవిడ నిదానమే భయపెడుతుంది. సంగతి తేలేదాకా తమ్ముడు స్కానింగ్ గదిలోకి వెళ్ళకూడదని, పత్రికల గదిలో కూర్చోమని చెప్పింది. వాడి పర్మనెంట్ కాగితం పక్కన పెట్టింది.

లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదు కాబట్టి గుసగుసలు బాగా వినిపిస్తాయి. డబ్బు తీసుకుని ఎవరి థీసిస్‌లోనో అంకెలు మార్చాడట అని ఒకరు, పాత ప్రొఫెసర్ మీద కక్షట అని ఇంకొకరు. నా కౌంటర్ దగ్గరికి రాగానే మాట మింగేసి, "ఈ పుస్తకం గడువు పొడిగించండి మేడమ్," అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండి, స్టాంపు అంత బలంగా ఎప్పుడూ వేయలేదు. తమ్ముడు పత్రికల గదిలో అన్ని పేపర్లూ అంచులు కలిపి మడిచి పెట్టి, ఇక చేయడానికేం లేక గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన ఫోను ఎప్పటిలా బల్లమీద పెట్టలేదు. జేబులోనే ఉంచుకున్నారు. స్నానానికి వెళ్తూ కూడా తీసుకెళ్ళారు.

"ఫోనుకి కూడా ఒళ్ళు తోమాలా?" అన్నాను.

ఆయన నెమ్మదిగా అన్నారు, "పాస్‌వర్డు మార్చాక కూడా మారుతున్నాయి. కొత్తది నా ఫోనులో తప్ప ఎక్కడా లేదు. ఆ ఫోను ఉండేది ఈ ఇంట్లో."

అంటే ఇప్పుడు అనుమానం నా మీదకి కూడా వచ్చింది. అది అర్థమయ్యాక ఎందుకో అరవలేకపోయాను. ఇన్నేళ్ళ కాపురంలో నా నోరు మూయించిన మాట అదొక్కటే.

మర్నాడు పొద్దున కౌంటర్లో పక్కావిడని కూర్చోబెట్టి తిన్నగా ఆయన గదికెళ్ళాను.

"లేవకండి, కూర్చోండి. నేనే దొంగనైతే నా కళ్ళముందే ఆ దొంగతనం పట్టుకోండి. ఎవరూ తెరవని ఫైలు ఒకటి తీయండి."

"ఇదేం పంతం?"

"తీయండి."

ఎప్పుడూ ఎవరూ అడగని థీసిస్ ఒకటి నేనే ఏరాను, నదుల్లో ఒండ్రు గురించి. ముందు వేలిముద్ర చూశారు. పాతదీ కొత్తదీ అంకెకి అంకె సరిపోయాయి.

"ఇప్పుడు మీరు రోజూ ఎలా చూస్తారో అలా చూడండి."

ఆయన ఫైలు తెరిచారు. పేజీలు తిప్పారు, ఒక పటం దగ్గర పెద్దది చేసి చూశారు, "చూశావుగా, ఏమీ లేదు," అని మూయబోయారు. అప్పుడు తెర మధ్యలో చిన్న గడి వచ్చింది. కొత్త ప్రోగ్రాం వచ్చి రెండు నెలలే అయింది, అంతా మన భాషలోనే ఉండాలని మేడమ్ పట్టుబట్టి తెప్పించింది. గడిలో ఒకటే ప్రశ్న.

మార్పులను భద్రపరచాలా?

కింద అవును, కాదు.

మా ఆయన వేలు ఆలోచించనైనా లేదు. అవును నొక్కేసింది.

"ఆగండి. అదేంటి?"

"ఏది?"

"ఇప్పుడు మిమ్మల్ని ఏదో అడిగింది."

"అదా? ప్రతిసారీ అడుగుతుంది, భద్రపరచాలా అని."

"మీరేమంటారు?"

"అవునంటాను. మన పనే అది క..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆయన మళ్ళీ వేలిముద్ర తీశారు. మొదటి అంకె నుంచే తేడా.

మనం తిప్పిన పేజీ, పెద్దది చేసిన పటం, ఏ రోజు చూశాం, ఇవన్నీ ఆ ప్రోగ్రాం గుర్తుపెట్టుకుంటుందట. అవునంటే ఫైల్లోనే రాసేస్తుందట. అలా వంకర చూడటానికి తెరిచిన మొదటి ఏడింటినీ, ఆ తర్వాత అనుమానంతో తెరిచిన ప్రతి ఫైలునీ ఆయనే మార్చారు, మారిందని మరిన్ని తెరిచారు. ప్రాణం పోయినా 'కాదు' అనని మనిషి, భద్రం అనే మాట కనబడితే.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది. ఆయన మాత్రం తల పట్టుకుని, "మేడమ్‌కి ఏదో సాంకేతిక లోపమని చెప్తాను," అన్నారు.

"లోపానికి మీ బావమరిది పేరు పెట్టారుగా. ఇప్పుడు దాని అసలు పేరు చెప్పండి."

మేడమ్ గదిలో ఆయన ముందు ప్రోగ్రాం గురించే మొదలుపెట్టారు. నేను గుమ్మం దగ్గర నిలబడి దగ్గాను. ఆయన ఆగి, కళ్ళద్దాలు తీసి, "నేనే మేడమ్. అన్నీ నేనే మార్చాను. అతను ఒక్కటీ ముట్టుకోలేదు," అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయనకెంత కష్టమైందో చూశాను. అందుకే ఆయనతో ఇంకా కాపురం చేస్తున్నాను.

ఆ తర్వాత అన్నీ తొందరగానే సర్దుకున్నాయి. ప్రతి ఫైలుకీ ఇంకో భవనంలో రెండో ప్రతి ఉంటుంది, దాన్ని ఎవరూ తెరవరు. అక్కణ్ణుంచి తెచ్చి పెడితే ఫైళ్ళన్నీ ఏమీ జరగనట్టు పాత వేలిముద్రకి వచ్చేశాయి. తమ్ముడు పర్మనెంట్ అయ్యాడు. మా ఆయన వాడి చెయ్యి పట్టుకుని, "తప్పయిపోయిందోయ్," అన్నారు. వాడు నవ్వి, "పర్లేదు బావా," అన్నాడు. ఇప్పుడు స్కానింగ్ గది తలుపు తీసే ఉంచుతున్నాడని, కట్ట విప్పే ముందు ఎవరినో ఒకరిని పిలిచి పక్కన నిలబెట్టుకుంటున్నాడని కౌంటర్ దగ్గర ఎవరో చెప్తే విన్నాను.

ఉద్యోగం ఖాయమయ్యాక మొదటి ఆదివారం వాడిని భోజనానికి పిలిచాను. వచ్చాడు. నేను తలుపు తీయగానే, "బాగున్నావా అక్కా?" అన్నాడు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. టీ ఇచ్చాను, తాగుతున్నాడు. మా ఆయన ఎదురుగా కూర్చుని ఏవేవో కబుర్లు చెబుతున్నారు. నా చూపు మాటిమాటికీ గోడమీదికి పోతోంది. నెల రోజులుగా ఎవరూ పట్టించుకోక ఫోటో పక్కకి బాగా వాలిపోయింది. మా ఇద్దరి తలలూ కింద పడబోతున్నట్టున్నాయి.

చూసీ చూసీ ఇక ఆగలేకపోయాను. "ఏరా, ఫోటో చూశావా?"

"చూశాను."

"వంకరగా లేదూ?"

"ఉంది," అన్నాడు కప్పులోకి చూస్తూ. "నేనొచ్చేసరికే అలా ఉందక్కా. నేను ముట్టుకోలేదు."