రెండు గదుల జవాబులు

ఇస్త్రీ యంత్రంలోంచి దుప్పటి పొగలు కక్కుతూ బయటికొస్తుంటే ఆమె రెండు మూలలూ పట్టుకుంది. ఎదురుగా నిలబడ్డ పెద్దావిడ మిగతా రెండు మూలలూ అందుకుంది. ఒక్క విదిలింపు, సగానికి మడత, ఇద్దరూ నాలుగడుగులు ముందుకు, మూలకు మూల, మళ్లీ వెనక్కి. ఆసుపత్రి దుప్పట్లు పూటకు ఆరువందలు. ఒక్కరివల్ల అయ్యే పని కాదు గనక లాండ్రీలో ఎప్పుడూ జంటలుగానే నిలబెడతారు. పదకొండేళ్లుగా ఆమెకు ఇదే పని. ఆమె మడిచిన దుప్పటి అంచు బద్ద పెట్టి గీసినట్టుంటుందని అందరూ మడతలమ్మ అంటారు. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా వినపడదు.

నలభై ఆరేళ్ల మనిషి. పొట్టి, బక్క. మోచేతుల దాకా ఆవిరికి కమిలిన చర్మం. వేళ్ల చివర్లు వేడికి అరిగి అరిగి గాజులా నున్నబడిపోయాయి. నిరుడు పౌరసత్వం దరఖాస్తు పెట్టినప్పుడు ఆ వేళ్లే కొంప ముంచాయి. యంత్రం మీద పది వేళ్లూ పదిసార్లు ఆనించినా ముద్ర పడలేదు, దరఖాస్తు తిరిగొచ్చింది. డాక్టరు చేత రాయించుకుని మళ్లీ పెట్టింది. రెండుసార్లకు మించి పెట్టనివ్వరు. ఈసారీ కాదంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చిన అనుమతి కూడా పోతుంది. ముప్పై రోజుల్లో దేశం విడిచి వెళ్లాలి. ఆ ఇంటర్వ్యూ ఇవాళ మధ్యాహ్నం.

భర్త ఈ దేశంవాడే. పెళ్లయి పన్నెండేళ్లు. మొదటి మూడేళ్లూ ఈ ఊళ్లోనే ఒక గదిలో కాపురం. తర్వాత అతను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. పన్నెండు గంటల బస్సు ప్రయాణం దూరంలో, ఓడరేవులో క్రేను నడిపే పని దొరికింది. ఆమె వెంట వెళ్లేదే. కానీ పరాయి దేశం నుంచి వచ్చిన భార్య పదేళ్లపాటు ఒకే ఊళ్లో, ఒకే యజమాని దగ్గర పనిచేస్తేనే దరఖాస్తు పెట్టుకోనిస్తారు. ఊరు మారితే ఆ పదేళ్లూ మళ్లీ మొదటి నుంచి. కాబట్టి అతను వెళ్లాడు, ఆమె ఉండిపోయింది. తల్లి పోయిందని కబురొచ్చినప్పుడు కూడా, దేశం దాటితే లెక్క తెగిపోతుందని కదల్లేదు. ఆ రోజు కూడా పనికొచ్చి దుప్పట్లు మడిచింది. ఇప్పుడేమో అదే ఆఫీసు, మీరు నిజంగా ఒక ఇంటివాళ్లేనా, రుజువేమిటి అంటోంది.

పెద్దావిడ నోరు ఊరుకోదు. ఏడాదికి పదకొండు రోజులు కనిపించేవాణ్ణి మొగుడనరు, చుట్టమంటారని పొద్దుట్నుంచి మూడోసారి అంది. తర్వాత గొంతు తగ్గించి, తమ వీధిలో ఒక జంట ఉత్తుత్తి పెళ్లి చేసుకుని, ఒకరి సంగతులొకరు పరీక్షకు చదివినట్టు చదువుకుని వెళ్లి, మొదటి రోజే గట్టెక్కారని చెప్పింది.

"మరి మీరేం చదువుకున్నారే?"

"ఏం చదవలేదక్కా. దొంగ పెళ్లిళ్లవాళ్లకి గాని మనకెందుకే బట్టీ అన్నారాయన. నిజమే కదా?"

పెద్దావిడ మూలకు మూల కలిపి ఆమె చేతిలో పెట్టింది.

పదకొండున్నరకు బస్టాండులో, దిగుతున్న జనంలో అతన్ని ముందు పోల్చుకోలేకపోయింది. చూసి పద్నాలుగు నెలలైంది. చొక్కా అదే, లోపలి మనిషే తగ్గాడు. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త చిల్లు ఒకటి ఉంది. ఇలా అయిపోయారేంటండీ అంటే, రేవులో తిండి అలా ఏడుస్తుందన్నాడు. నువ్వు మాత్రం ఏం ఒళ్లు చేశావని నవ్వాడు. ఆఫీసు దాకా నడిచే వెళ్లారు. పక్కపక్కన నడవడం అలవాటు తప్పి, దారిలో రెండుసార్లు భుజాలు కొట్టుకున్నాయి.

ఆఫీసులో అతన్ని ఒక గదిలోకి, ఆమెను ఇంకో గదిలోకి పంపారు. ఇద్దరికీ ఒకటే ప్రశ్నలు. మీరు ఎన్నింటికి లేస్తారు, మీ ఆయన ఎన్నింటికి లేస్తారు. మీరేం తింటారు, ఆయనేం తింటారు. ఆమెను అడిగిన ఆఫీసరమ్మ చిన్నది, ఆమెకే కూతురంటూ ఉంటే ఆ వయసుంటుంది. చీదరించుకోకుండా, కళ్లలోకి చూస్తూ అడిగింది. భయపడుతూ కూర్చున్న మనిషికి నాలుగు ప్రశ్నలయ్యేసరికి హుషారు పుట్టుకొచ్చింది. తొమ్మిదేళ్లలో తన మొగుడి గురించి ఇంతసేపు వినేవాళ్లు ఎవరు దొరికారు గనక. టీలో మూడు చెంచాల పంచదార లేకపోతే ముఖం ముడుచుకుంటారంది. గోడవైపు పడుకుంటారు, ఒకసారి పడుకుంటే తెల్లారేదాకా మొద్దులా నిద్రపోతారు, గురక మాత్రం ఎత్తు ఎక్కుతున్న లారీలా ఉంటుందంది. ఆఫీసరమ్మ నవ్వుతూనే రాసుకుంది.

అరగంట తర్వాత ఇద్దర్నీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టారు. ఆఫీసరమ్మ ముఖంలో ఇందాకటి నవ్వు లేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది.

"పొద్దున్నే టీలో మూడు చెంచాల పంచదార అని మీరు చెప్పారు. నాలుగేళ్లుగా పంచదార ముట్టడం లేదని, రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకుంటానని ఆయన చెప్పారు."

ఆమె మొగుడి వైపు తిరిగింది. అతను బల్ల అంచునే చూస్తున్నాడు.

అక్కణ్ణుంచి ఒక్కటీ కలవలేదు. రాత్రి నాలుగుసార్లు లేవాలి గనక మంచానికి బయటివైపే పడుకుంటానని అతను చెప్పాడు. భార్య చీకటికి భయపడుతుంది, దీపం ఆర్పితే నిద్రపోదని చెప్పాడు. ఆమె, తొమ్మిదింటికి దీపం ఆర్పేసి పడుకుంటానంది. పొయ్యి మీంచి దించింది దించినట్టు వేడిగా ఉంటేనే తింటుందని అతను చెప్పాడు. ఆమె, సాయంత్రం ఒక్కసారి వండుకుని మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ చల్లటిదే తింటానంది. ఎవరి గురించి వాళ్లు ఇవాళ్టి సంగతి చెప్పుకున్నారు. ఎదుటివాళ్ల గురించి మాత్రం తొమ్మిదేళ్ల కిందటి సంగతి చెప్పారు.

ఏటా సెలవు మీద వచ్చిన ఆ పదకొండు రోజులూ అతను గోడవైపే పడుకునేవాడు. ఆమె కలిపిచ్చిన టీ అడుగుదాకా తాగేవాడు. ఆ రోజుల్లో ఆమె రాత్రంతా దీపం ఉంచేది, పూటపూటా వేడిగా వండేది. ఇంత దూరం వచ్చిన మనిషికి పాత ఇల్లు పాతగానే కనపడాలని ఇద్దరికీ అనిపించింది. ఇదంతా ఆమెకు ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది.

"అబద్ధం ఒక్కటీ చెప్పలేదమ్మా," అంది.

"చెప్పలేదనే అనుకుంటున్నానమ్మా. కానీ పైవాళ్లు చూసేది నన్ను కాదు, ఈ కాగితాల్ని. ఇవి ఒక ఇంట్లోవాళ్ల జవాబులు కావు."

భర్త అప్పుడు లేచి నిలబడ్డాడు. కావాలంటే ఇప్పుడే ఉద్యోగం మానేసి ఇక్కడికొచ్చేస్తాను, రేపట్నుంచి ఒక్క ఇంట్లోనే ఉంటాం, వచ్చి చూసుకోండి అన్నాడు. నిన్నటి దాకా ఎలా ఉన్నారన్నదే రూలు అని ఆఫీసరమ్మ చెప్పింది. అతను ఇంకేదో అనబోయి, అన్న మాటే మళ్లీ అన్నాడు. దరఖాస్తు తిరస్కరించినట్టు ముద్ర వేసి కాగితం చేతికిచ్చారు.

బస్టాండు చివర సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. నాలుగింటికి అతని బస్సు. రేపు పొద్దున క్రేను ఎక్కకపోతే ఆ ఉద్యోగం ఇంకొకడికి వెళ్తుంది. ఉద్యోగం పోతే మందు ఇచ్చే ఆసుపత్రి కార్డూ పోతుంది. నేనే నీ వెంట మీ దేశం వచ్చేస్తానన్నాడు. అక్కడ అతను పరాయివాడు. అతని పేరున మరో ఫైలు, మరో పదేళ్లు. ఇన్సులిన్ ఎవరిస్తారని ఆమె అడిగింది. ఇద్దరూ ఎదురుగా ఆగి ఉన్న బస్సు చక్రాన్ని చూస్తూ కూర్చున్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆ పదేళ్లూ వదిలేసి వచ్చేసేదానివి."

"నా చేత్తో మూడేసి చెంచాలు వేసిచ్చానండీ."

"అందుకే తాగాను," అన్నాడు. "అంత తీపి ఇంకెక్కడా దొరకలేదే."

ఆమె ఏడవలేదు. ముప్పై రోజుల్లో ఏ రోజు ఏం చేయాలో లెక్క వేయబోయింది. గది ఖాళీ చేయాలి, లాండ్రీలో చెప్పాలి, ఆ పెద్దావిడకు వేరే జోడీని చూడాలి. లెక్క ఎక్కడ మొదలుపెట్టినా మొదటి రోజు దగ్గరే ఆగిపోతోంది. అతను ఆమె చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, పై వరస నుంచి కింది వరస దాకా, ముద్ర చుట్టూ ఉన్న చిన్న అక్షరాలతో సహా, పెదవులు కదుపుతూ చదివాడు. ఎక్కడైనా ఒక సందు ఉంటుందేమోనని మళ్లీ మొదటి నుంచి చదివాడు. కళ్లజోడులో మొగుణ్ణి చూడటం ఆమెకు అదే మొదటిసారి. ముక్కు పొడవుగా, ఎవరో బడిపంతులులా ఉన్నాడు.

కండక్టరు కేక వేశాడు. అతను సంచీ అందుకుని నిలబడ్డాడు. తొమ్మిదేళ్లుగా వెళ్లేముందు వస్తాననే మాట ఒకటి అనేవాడు. ఇవాళ నోరు తెరిచాడు గాని ఆ మాట రాలేదు. ఆమె తల మీద చెయ్యి వేసి, తీసేసి, గబగబా వెళ్లి ఎక్కేశాడు. కిటికీలోంచి ఏదో చెప్పాడు, ఇంజను రొదలో వినపడలేదు. వినపడినట్టే ఆమె తల ఊపింది. బస్సు మలుపు తిరిగింది. అది వెళ్లినంతమేర చూసి, ఇంకేమీ కనపడకపోయాక బెంచీ వైపు తిరిగింది.

గాలికి ఎగిరిపోకుండా అతను కాగితం మీద బరువుగా పెట్టిన కళ్లజోడు అక్కడే ఉంది. విరిగిన కాడకు నల్లదారం వంకరటింకరగా చుట్టి, అతనే ముడేసుకున్నట్టున్నాడు. అద్దాల కింద ఉన్న నాలుగైదు అక్షరాలు మాత్రం మిగతావాటికంటే పెద్దవిగా కనపడుతున్నాయి.